పేరు పడని డప్పు

మా తాత డప్పు కొట్టేవాడు. దొర ఇంట్లో పెళ్ళయినా, ఊళ్ళో చాటింపయినా, చావయినా పిలుపొస్తే పోవాల్సిందే. కూలి అడగకూడదు. దాన్నే వెట్టి అన్నారు. మా నాయన పట్నంలో సినిమా రికార్డింగులకు కొట్టాడు. ఆ పూట కూలి చేతిలో పెట్టి పంపేశారు. ఆ పాట ఇప్పుడు నా ఫోన్‌లో మోగుతోంది. కింద గాయకుడి పేరుంది, కంపెనీ పేరుంది. మా నాయన పేరు లేదు.

"ఇప్పుడు స్ట్రీమింగ్ వచ్చింది కదా సార్, ఎవరి పాటకు వాళ్ళకే డబ్బులొస్తాయి" అన్నాడు మొన్న క్లాసులో ఒక విద్యార్థి. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

1957 కాపీరైట్ చట్టం వచ్చినప్పుడు వాయించినవాళ్ళకు అందులో చోటే లేదు. డబ్బిచ్చి సినిమాకు చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. కవి, స్వరకర్త కూడా బయటే నిలబడ్డారు. 1994లో ప్రదర్శకులకు మొదటిసారి హక్కు వచ్చింది. ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ ఇవ్వాలని 2012 సవరణ రాసింది. మంచిదే. కానీ అదే సవరణ ఒక మెలిక పెట్టింది. సినిమాలో ఏదో కాసేపు ప్రదర్శన ఇచ్చి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిళ్ళలో పేరు పడని మనిషి ప్రదర్శకుడే కాదంది. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకోవచ్చు, అంతే.

పేరు వేయని ఆనవాయితీ ఎవరు పెట్టారు? వాళ్ళే. పేరు లేదు కాబట్టి హక్కు లేదనేదీ వాళ్ళే.

ఇక స్ట్రీమింగ్. వచ్చిన డబ్బంతా ఒక కుప్ప పోస్తారు. మొత్తం వినికిడిలో ఏ పాట వాటా ఎంతో చూసి హక్కుదారులకు కొలుస్తారు. హక్కుదారు అంటే కాగితం మీద పేరున్నవాడు. ఒక ఏడాదిలో 1000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వకూడదని 2024 నుంచి స్పాటిఫై నియమం పెట్టింది. వాడలో పిల్లలు సొంతంగా పాడి పెట్టుకునే పాటలు ఎక్కువగా ఈ గీత కిందే ఉంటాయి. ఆ డబ్బు మళ్ళీ కుప్పలోకే, పెద్ద పాటల వాటాలోకే పోతుంది. కల్లం దగ్గర మేర కోసం చివరిదాకా నిలబడ్డ మనవాళ్ళకు ఈ కొలత కొత్తదా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రికార్డింగుకు పోతే కూలి ఒక్కటే మాట్లాడుకుని రాకండి. పాట కింద పేరు వేస్తామని, రాయల్టీలో వాటా ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. మా తాతకు కూలి అడిగే వీలు లేదు. మా నాయన పేరు అడగాలని ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నా.

జై భీమ్.