దక్కన్ నల్లరాళ్ల సాక్ష్యం

ఖండచలన సిద్ధాంతం స్థిరపడిన తీరును చెప్పే పుస్తకాలు సాధారణంగా ఒకే దారిలో నడుస్తాయి: 1912లో వెగెనర్ ప్రతిపాదన, ఆఫ్రికా, దక్షిణ అమెరికా తీరాల పొందిక, సింగరేణి బొగ్గు పొరల్లోనూ అంటార్కిటికాలోనూ దొరికిన గ్లోసోప్టెరిస్ ఆకుల శిలాజాలు, ఆపైన 1963లో సముద్రగర్భపు అయస్కాంత చారలకు వైన్, మాథ్యూస్ చెప్పిన అర్థం. ఇందులో అబద్ధం లేదు గాని, 1950ల నాటి దక్కన్ సాక్ష్యం మాత్రం ఒక అధోజ్ఞాపికకు కుదించుకుపోయింది.

ఆ సాక్ష్యం హైదరాబాదు పాతబస్తీ రాళ్లలో దొరకదు. ఫలక్‌నుమా గుట్ట గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్లది కాబట్టి, ఇటీవలి ప్రయాణం గురించి అది చెప్పగలిగింది స్వల్పం. పడమట వికారాబాదు అనంతగిరి దగ్గర మొదలయ్యే నల్లరాయి, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి బసాల్టు లావా, అలా కాదు. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను తమలో నిలుపుకుంటాయి. ఆ దిశ క్షితిజానికి ఎంత వాలిందో కొలిస్తే రాయి పుట్టిన అక్షాంశం తెలుస్తుంది. దీనినే పురా అయస్కాంతత్వం అంటారు.

ఈ పద్ధతితో భారతదేశం ఉత్తరానికి కదిలిందా అని 1951లో కేంబ్రిడ్జిలో ఇర్వింగ్ పరీక్షించాడు. అతని నమూనాలు కొద్దివే, పైగా 1954లో సమర్పించిన సిద్ధాంత గ్రంథానికి పట్టా రాలేదు. లండన్ ఇంపీరియల్ కళాశాలలో బ్లాకెట్ అండతో క్లెగ్, డాయిష్, గ్రిఫిత్స్ 1956లో దక్కన్ లావాల ఫలితాలు ప్రకటించారు. తరువాతి శుద్ధమైన లెక్కల ప్రకారం ఈ నేల అప్పుడు దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. అయితే భూ క్షేత్రం అప్పుడప్పుడు తిరగబడుతుంది గనుక, ఏది సహజ దిశో ఏది తిరగబడ్డదో రాయి తనంతట చెప్పదు. దేశం ఉత్తరార్ధంలోనే ఉండి, దాదాపు వెనక్కి తిరిగిందని వాదించడానికీ చోటుండేది. ఆ సందును మూయడానికి తోడ్పడినది, 1958లో క్లెగ్‌తో కలిసి రాధాకృష్ణమూర్తి, సహస్రబుద్ధే కొలిచిన రాజ్‌మహల్ లావా: అది దక్కన్ లావా కన్నా పాతది, ఇంకా దక్షిణానికి చూపింది. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థలో వర్మ, పుల్లయ్య 1967లో గోదావరి లోయ తిరుపతి ఇసుకరాళ్లనూ, వర్మ, భల్లా 1968లో కామ్ఠీ ఇసుకరాళ్లనూ పరిశీలించి ఈ వరుసను అగ్నిశిలల నుంచి అవక్షేప శిలలకు విస్తరించారు. ఈ పద్ధతి రేఖాంశాన్ని చెప్పలేదన్నది నిజమే. ధ్రువాలే జరిగాయన్న ప్రత్యామ్నాయాన్ని మాత్రం, ఐరోపా శిలలూ భారత శిలలూ ఒకే కాలానికి వేర్వేరు ధ్రువ స్థానాలు చూపడం బాగా బలహీనపరచింది.

నేడు అదే సంస్థ ఆవరణలోని జీపీఎస్ కేంద్రం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల ఈశాన్య చలనాన్ని నమోదు చేస్తుంటే, దానినే పూర్వ చలనానికి రుజువుగా చూపే అలవాటు పెరిగింది. ఇది తొందరపాటు. ఆసియాను తాకకముందు భారత ఫలకం వేగం ఇప్పటికి మూడు రెట్లు దాటిందని సముద్రగర్భపు చారలే చెబుతున్నప్పుడు, నేటి కొలతను వెనక్కి గుణించడం కుదరదు. ఆ వేగానికి దక్కన్ లావాను పొంగించిన రీయూనియన్ ఉష్ణప్రవాహమే కారణమన్న వాదన ఆకర్షణీయమే. కాని లావా పొంగిన కాలం, వేగం పెరిగిన కాలం ఎంత దగ్గరగా కలుస్తాయన్నది చారల కాలనిర్ణయం మీద ఆధారపడి ఉంది, ఆ నిర్ణయం మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు.