పేరు పలక లేని ఇంజను ఏ కాలానిది?

గోదావరి డెల్టాలో పాత ఆయిల్ ఇంజనును గుర్తుపట్టాలంటే పేరు పలకను ఆఖరున చూడాలి. అది ఊడిపోయైనా ఉంటుంది, వేరే ఇంజనుది తెచ్చి బిగించైనా ఉంటుంది. ముందు చూడాల్సింది ఇంజను నీటితో చల్లబడుతుందా, గాలితోనా అన్నది. అది ఏ పొలంలో, ఏ పనికి తిరిగిందో అక్కడే సగం తెలిసిపోతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ నీరు కాలువల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి చేలల్లోకి తనంతట తానే పారింది. ఎత్తిపోయాల్సిన అవసరం మెరకలకు, శివారు భూములకు, లంకలకు మిగిలింది. ఏతాలూ గూడలూ చేసిన ఆ పనిలోకే ఇంజను వచ్చింది.

ఇంగ్లండులోని డర్స్‌లీ నుంచి లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో సీఎస్ అనే డీజిల్ ఇంజను తెచ్చింది. నిమిషానికి 600 చుట్లతో 5 హార్స్‌పవర్, తరవాతి రకంలో 650 చుట్లతో 6. రెండు పక్కలా ఆకులున్న పెద్ద ఫ్లైవీళ్లు, నింపాదైన చప్పుడు. రాజ్‌కోట్ కార్ఖానాలు దీనికి నకళ్లు పోతపోశాయి. కనుక ఆ చక్రాలు చూసి ‘లిస్టర్ రకం’ అనొచ్చుగాని, లిస్టర్ అనెయ్యకూడదు.

1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలైంది. ఆ కంపెనీ ఏవీ1 నిటారు ఇంజను, 1500 చుట్లకు 5 హార్స్‌పవర్. సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110. ఇంగ్లండు పెటర్ ఏవీ1 కొలతలూ ఇవే. దీన్ని చల్లబరచడానికి రేడియేటరు అక్కర్లేదు. పంపు తోడే నీటిలోంచే సన్న గొట్టంతో కొంత మళ్లించి ఇంజను చుట్టూ తిప్పి వదిలేస్తారు. కాలువ గట్టున ఇంతకంటే చవకైన ఏర్పాటు ఏముంటుంది? వరద రోజుల్లో ఎర్రనీటితో పాటు ఒండ్రు కూడా లోపలికి వెళ్లి పేరుకుంటుందన్నదే చిక్కు.

లంకల్లో మాత్రం బరువే సమస్య. వరద వస్తోందంటే ఇంజనును ఎత్తి పడవలో వెయ్యాలి. లిస్టర్ రకాన్ని కదపాలంటేనే పదిమంది కావాలి. గాలితో చల్లబడే గ్రీవ్స్ ఎంకే వరస లాంటి చిన్న ఇంజన్లు అక్కడ అక్కరకొచ్చాయి. వీటి మూలం ఇంగ్లండు విలియర్స్. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు మార్చేవాళ్లు. సిలిండరు చుట్టూ రెక్కలు, ఫ్లైవీలుకే ఫ్యాను, గాలిని మళ్లించే రేకు తొడుగు. తొడుగు పోయినా ఒక ఆనవాలు మిగులుతుంది. వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి కాబట్టి హెడ్డు రెక్కలున్న మూతలా చదునుగా ఉంటుంది. దానిమీద స్పార్కు ప్లగ్గు కనిపిస్తే డీజిల్ ఊహ వదులుకోవచ్చు.

డీజిల్ ఇంజనైతే ఫ్యూయల్ పంపు మీది అక్షరాలు కాలం చెబుతాయని కొందరి నమ్మకం. సగమే నిజం. ఆ పంపులు చేసిన మైకో కంపెనీ 1951లో బెంగుళూరులో పుట్టింది, 2008లో బాష్ అయింది. మైకో ముద్ర చెప్పేది పంపు వయసే, ఇంజనుది కాదు. వాడకంలో పంపులు మారుతూనే ఉంటాయి. వ్యాసాన్నీ నమ్మలేం, రీబోరు చేసిన ప్రతిసారీ పెరుగుతుంది. క్రాంకు మార్చితే తప్ప స్ట్రోకు మారదు. నా మటుకు అసలు సాక్ష్యం అదే. హెడ్డు విప్పి, పిస్టను కింది నుంచి పైకి ఎంత దూరం నడిచిందో కొలవండి. 110 వస్తే ఏవీ1 బంధువర్గంలో వెతకొచ్చు. అయితే 87.5 వ్యాసమున్న తరవాతి కిర్లోస్కర్లకూ స్ట్రోకు 110 మిల్లీమీటర్లే. వాటిలో టీవీ1 నీటితో, టీఏఎఫ్1 గాలితో చల్లబడతాయి కనుక మళ్లీ మొదటి ప్రశ్నకే రావాలి.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక తీగ చేరిన చోటల్లా ఆయిల్ ఇంజనుకు పని తగ్గింది. పాత ఇనుము కొనేవాళ్లు ముందు పట్టుకుపోయేది బరువైన లిస్టర్ రకాలనే, కిలోల లెక్కన డబ్బు వాటికే ఎక్కువ గనక.