కరెంటు కోసం నది ఒడ్డుకు చేరిన కంప్యూటర్లు

మీరు కంప్యూటర్‌లోనో సెల్‌ఫోన్‌లోనో ఒక ప్రశ్న టైపు చేస్తారు. రెప్పపాటులో జవాబు వస్తుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల కంప్యూటర్లు వరుసగా అమర్చి ఉంటాయి. వాటిలో ఒకటి మీకు జవాబు పంపింది. అలాంటి భవనాన్ని డేటా సెంటర్ అంటారు. దానికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

ఎడతెగకుండా పారే నది పక్కన జలవిద్యుత్ కేంద్రం ఉంటే, డేటా సెంటర్‌కు అంతకంటే మంచి చోటు ఏముంటుంది అనిపిస్తుంది. నిజంగా అంతేనా? అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున ‘ది డాల్స్’ అనే చిన్న పట్టణం ఉంది. దాని చరిత్ర చూస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

జలపాతం మునిగిన రోజు

ఆ పట్టణానికి ఎగువన ఒకప్పుడు సెలైలో అనే జలపాతం ఉండేది. సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలను ఆదివాసులు అక్కడ చెక్క మంచెల మీద నిలబడి వలలతో పట్టేవారు. పదివేల ఏళ్ళకు పైగా మనుషులు అక్కడ చేపలు పట్టారని పురాతత్వ ఆధారాలు చెబుతున్నాయి. దూరప్రాంతాల తెగలవారు కూడా వచ్చి, ఎండుచేపలకు బదులు తమ సరుకులు ఇచ్చిపుచ్చుకునేవారు. తమకు అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును 1855 నాటి ఒప్పందాలలో అమెరికా ప్రభుత్వమే వారికి రాసి ఇచ్చింది.

1952లో అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం అక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టింది. 1957 మార్చి 10న గేట్లు మూసేశారు. కొన్ని గంటల్లోనే జలపాతం నీటి అడుగున కలిసిపోయింది. చుట్టూ చేరిన ఆదివాసులు ఒడ్డున నిలబడి చూస్తూ ఉండిపోయారు. నాలుగు తెగలకు కలిపి ప్రభుత్వం సుమారు 2 కోట్ల 68 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. డబ్బు చేతికి వచ్చింది గాని జలపాతం తిరిగి రాలేదు.

మొదట అల్యూమినియం

ఆనకట్టతో పాటు చౌక కరెంటు వచ్చింది. దాని కోసం 1958లో అక్కడ అల్యూమినియం కార్ఖానా వెలిసింది. కరెంటుకూ అల్యూమినియానికీ సంబంధం ఏమిటంటారా? ఖనిజం నుంచి తీసిన అల్యూమినాను ద్రవంలో కరిగించి, దానిలోంచి విద్యుత్తు పంపితే లోహం విడిపోతుంది. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఎవరికి వారే ఈ పద్ధతిని కనుగొన్నారు. ఒక్క కిలో లోహానికి సుమారు 15 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. కొన్ని గంటలు కరెంటు పోతే తొట్టిలోని ద్రవం గడ్డకట్టి మొత్తం పాడవుతుంది. అందుకే అల్యూమినియం కార్ఖానాలు చౌకగా, నిలకడగా కరెంటు దొరికే చోటును వెతుక్కుంటూ వెళ్ళాయి.

2000-01లో అమెరికా పశ్చిమతీరంలో కరెంటు కొరత ఏర్పడింది. దానికి తోడు వానలూ మంచూ తగ్గాయి. కరెంటు ధర ఆకాశానికి అంటింది. లోహం తయారుచేయడం కంటే తమ వాటా కరెంటును తిరిగి అమ్ముకోవడమే ఆ ప్రాంతపు కంపెనీలకు లాభమయింది. ది డాల్స్ కార్ఖానా మూతపడింది. ఊళ్ళో ఉద్యోగాలు పోయాయి. నది మాత్రం ఎప్పటిలాగే పారుతోంది.

తర్వాత కంప్యూటర్లు

పట్టణంవారు ఊరుకోలేదు. 2000 దశకం మొదట్లో స్థానిక సంస్థలు కలిసి ఊరి చుట్టూ ఫైబర్ కేబుల్ వేయించాయి. కరెంటు, స్థలం, కేబుల్ మూడూ ఒకే చోట దొరికాయి. గూగుల్ సంస్థ 2006లో అక్కడ డేటా సెంటర్ ప్రారంభించింది. తరువాత విస్తరణ కోసం ఆ పాత అల్యూమినియం కార్ఖానా స్థలాన్నే కొన్నది.

కరెంటునే తీగల మీద నగరానికి తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తెచ్చుకోవచ్చు. కాని పెద్ద లైన్లు వేయడానికి బోలెడు ఖర్చు, దారిలో కొంత నష్టం. సమాచారం సంగతి వేరు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి సెకనులో రెండువందలో వంతు కాలం చాలు. అందువల్ల కరెంటును కంప్యూటర్ల దగ్గరకు తేవడం కంటే కంప్యూటర్లనే కరెంటు దగ్గరకు చేర్చడం తేలిక.

ఒక చిన్న లెక్క

నోటుపుస్తకం తీయండి. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే 9.8 కిలోవాట్ల శక్తి వస్తుంది. ది డాల్స్ దగ్గర నీరు పడే ఎత్తు సుమారు 25 మీటర్లు. యంత్రాల సామర్థ్యం 90 శాతం అనుకుంటే, సెకనుకు ఒక ఘనపు మీటరు నీటికి సుమారు 220 కిలోవాట్లు. కొలంబియాలో అక్కడ సగటున సెకనుకు 5,400 ఘనపు మీటర్ల నీరు పారుతుంది. గుణించి చూడండి. ఏటి నీరంతా యంత్రాలలోంచి పోయినా సుమారు 1,190 మెగావాట్లే. కేంద్రం యంత్రాల శక్తి 1,800 మెగావాట్ల దాకా ఉంది గాని, ఏడాది పొడుగునా అంత నీరు రాదు.

నిలకడ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఆనకట్ట ఎక్కువ నీరు నిల్వ చేయదు. కొండలమీది మంచు వసంతంలో కరిగి వస్తుంది. దాన్ని ఎగువన గ్రాండ్ కూలీ వంటి జలాశయాలు పట్టి ఉంచి, నెమ్మదిగా వదులుతాయి. పైగా ఈ కేంద్రం కరెంటు వేరే కేంద్రాల కరెంటుతో కలిసి గ్రిడ్‌లోకి పోతుంది. డేటా సెంటర్‌కు కరెంటు వచ్చేది ఆ గ్రిడ్ నుంచే. కాబట్టి ఒక కేంద్రం అనువైనదా అని అడగడం చాలదు. దాని వెనుక ఉన్న నదీ వ్యవస్థనంతా చూడాలి.

ఇంకొక లెక్క కూడా ఉంది. కంప్యూటర్లు వాడిన కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని పోగొట్టడానికి చాలాచోట్ల నీటిని ఆవిరి చేస్తారు. ది డాల్స్‌లో ఎంత నీరు వాడుతున్నారో చాలాకాలం బయటికి చెప్పలేదు. ఒక పత్రిక పట్టుబట్టి అడిగితే వివాదం కోర్టు దాకా వెళ్ళింది. 2022లో లెక్క బయటపడింది. 2021లో వాడినది సుమారు 134 కోట్ల లీటర్లు. అది పట్టణం వాడిన నీటిలో నాలుగో వంతు కంటే ఎక్కువ.

మన సంగతి ఏమిటి?

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. ఒకప్పుడు విశాఖకు వెలుగునిచ్చిన మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలయింది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఎగువ సీలేరు 240. దిగువ సీలేరు తొలి నాలుగు యంత్రాలు 460. మూడూ కలిపితే 820. అదీ నీరు నిండుగా ఉన్నప్పుడు. మన నదులకు కొలంబియాకు ఉన్నంత మంచు లేదు. నాలుగు నెలల వానే ఆధారం. ఆ నీటిమీద పొలాలకూ ఊళ్ళ దాహానికీ ముందు హక్కు ఉంది.

అలాగని జలవిద్యుత్తు పనికిరాదని కాదు. దాని బలం వేరేచోట ఉంది. బొగ్గు కేంద్రాన్ని వేడెక్కించడానికి గంటలు పడుతుంది. జలవిద్యుత్ యంత్రం నిమిషాల్లో తిరగడం మొదలుపెడుతుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. అవి కరెంటు మిగిలినప్పుడు నీటిని వెనక్కి ఎత్తిపోయగలవు, అవసరమైనప్పుడు అదే నీటితో మళ్ళీ కరెంటు తీయగలవు. పగలు సూర్యుడు ఇచ్చే కరెంటును రాత్రికి దాచిపెట్టడానికి ఇది మంచి ఉపాయం. డేటా సెంటర్ కరెంటంతా మన నదులే మోయలేవు. కాని ఎండా గాలీ తగ్గిన వేళ ఆదుకోగలవు.

2008లో అమెరికా ఇంజనీర్లు ధ్వని తరంగాలతో కొలంబియా అడుగును పరీక్షించారు. సెలైలో జలపాతపు రాళ్ళు చెక్కుచెదరకుండా నీటి కింద అలాగే ఉన్నాయని తేలింది. ఆ ఊరికి అల్యూమినియం వచ్చింది, పోయింది. కంప్యూటర్లు వచ్చాయి. వాటికోసం మొదట మూల్యం చెల్లించినవారు మాత్రం చేపలు పట్టుకు బ్రతికినవారు. ఒక నది దగ్గర కొత్త పరిశ్రమ రాబోతోందని మీరు పేపర్లో చదివినప్పుడు, ఎన్ని మెగావాట్లు అని ఒక్కటే అడగకండి. ఏడాదిలో ఎన్ని నెలలు, ఎన్ని లీటర్లు, ఎవరి నీరు అని కూడా అడగండి.