స్టేషన్ గోడ మీద ఎవరి బొమ్మ?

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద పునాదిరాయి పడిన తెలంగాణ స్టేషన్లలో నిజామాబాద్ కూడా ఉంది. స్థానిక కళకూ సంస్కృతికీ స్టేషన్‌లో చోటివ్వాలని ఆ పథకమే చెబుతోంది. మరి ఇందూరు అనే ఈ నిజామాబాద్ స్టేషన్ గోడ మీద ఏం గీయాలి? 2025 మేలో ప్రారంభమైన బేగంపేట స్టేషన్‌కు కాకతీయ శైలి తొడిగారు. వరంగల్లుకైతే అది పుట్టింటి సొమ్ము, బేగంపేటకు అరువు నగ. మనకు అరువెందుకు, ఖిల్లా రామాలయం ఉంది, డిచ్‌పల్లి గుడి ఉంది అనేవాళ్ల మాట కొట్టిపారేయలేనిదే. కానీ ఆ గుళ్లు చూడదలిచినవాళ్లకు ఆటో దొరుకుతుంది. కాలువా చెరకూ కలిసి ఈ ప్రాంతాన్ని ఎలా మార్చాయో చూపే గోడ మాత్రం ఎక్కడా లేదు. అది స్టేషన్‌లోనే ఉండాలి.

మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి దగ్గర 1923లో మొదలైన నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. అలీసాగర్ జలాశయానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. 2.75 లక్షల ఎకరాలకు నీరందించాలన్న ఆ ప్రాజెక్టుతో చెరువు కింది సేద్యం పక్కన కాలువ సేద్యం నిలిచింది. ఆ నీళ్లను నమ్మి కోస్తా రైతులు వచ్చారు. వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట వాళ్లతోనే స్థిరపడింది. గుడారం పేరు పెట్టుకుని తరాలు గడిపిన పల్లెలు మరోచోట ఎన్ని ఉంటాయో! 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నీళ్లు, చెరకు, ఫ్యాక్టరీ, జానకంపేట దగ్గర బోధన్‌కు చీలే పట్టాలు: ఒకదాన్ని వదిలి మరొకటి అర్థం కాదు. అందుకే ఈ కథకు రైల్వే గోడ కంటే తగిన గోడ లేదు.

మూతపడిన ఫ్యాక్టరీ బొమ్మ వేసి ఏం లాభం, అది పుండు మీద కారమే కదా అంటారు. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో ఆగిపోయిన మిల్లు గురించి బోధన్‌కు గోడ గుర్తుచేయనక్కర్లేదు నిజమే. కానీ పొగ కక్కే గొట్టం ఒక్కటే గీస్తే అది ప్రకటన అవుతుంది. చెరకు నరికిన కూలీ, తూము దగ్గర నీరటి, బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్ ప్రయాణానికి పెట్టె సర్దుకున్న యువకుడు కూడా ఉంటే చరిత్ర అవుతుంది. ఆ యువకుడి వంటివాళ్లు ఇదే ప్లాట్‌ఫాం మీద రైలు కోసం కూర్చుంటారు కూడా.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైంది: ఇదంతా నిజాంకు భజన కాదా? కట్ట ఒక్కటే గీస్తే భజనే. దాని వెనక నీళ్లలో మునిగిన పల్లెలను కూడా గీయాలి. పక్కనే నిజామాబాద్ ఖిల్లా జైలు గోడ ఉండాలి. ఆ జైల్లో రచయిత వట్టికోట ఆళ్వారుస్వామితో పాటు ఖైదీగా ఉన్న కవి దాశరథి కృష్ణమాచార్యులు నిజాం మీద పద్యాలు బొగ్గుతో రాసింది గోడ మీదే. నీళ్లిచ్చిన ప్రభువూ సంకెళ్లు వేసిన ప్రభువూ ఒక్కడే అయినప్పుడు, ఒక ముఖం చెరిపి రెండోది చూపడం ఊరికి న్యాయం కాదు.

ఇక పని సంగతి. రంగులు దుమ్ముకూ పాన్ ఉమ్ములకూ నాలుగేళ్లు ఆగవు. కాల్చిన మట్టి పలకలైతే కడిగినా చెదరవు. బొమ్మ కింద తెలుగు, ఉర్దూ రెండూ ఉండాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ గేటు ముందు ఆ రెండు భాషలూ వినిపించాయి. ఇలాంటి గోడ బోధన్ స్టేషన్‌లోనూ పెడితే, అది చిన్నదైనా అక్కడ మొదటి పలక చెరకుదే కావాలి.