ఆశయు నిరీక్షణయు

'ఆశ' యను మాటకు మన భాషలో అంత మర్యాద లేదు. ఆశపోతనిన లోభి యని యర్థము. ఆశకు అంతు లేదని సామాన్యులు సైతము చెప్పుకొందురు. విడువవలసిన వానిలో మన పెద్దలు దానిని మొదటి వరుసనే నిలిపిరి. బైబిలును తెనిగించిన వారు ఈ చిక్కు నెరిగియే కాబోలు, విశ్వాసమునకును ప్రేమకును తోడుగా నుంచవలసిన మూడవ గుణమునకు 'ఆశ' యనక 'నిరీక్షణ' యని పేరిడిరి. సంస్కృతమున ఈ పదమునకు నిదానించి చూచుట యని యర్థము. తెలుగున ఎదురుచూచుట యను నర్థము దానికి చేరినది. కన్నులు మూసికొని కోరునది ఆశ. ఉన్నది ఉన్నట్లు చూచి, ఆ చూపు మరల్చకయే మేలుకొరకు ఎదురుచూచునది నిరీక్షణ.

అధర్మము ప్రబలిన లోకమున క్రైస్తవుడు ఈ నిరీక్షణను ఎట్లు నిలుపుకొనును? ఈ ప్రశ్నకు మతగ్రంథముల యందు సమాధానములు పెక్కులు గలవు. మేము వానిని విడిచి, మన తెలుగునేల చరిత్రయందే ఒక సమాధానమును వెదకబోవుచున్నాము.

మా సికిందరాబాదు 1806లో నిజాము సికందర్ జా పేరుమీద వెలసిన దండు. ఇచ్చటి సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. తొలి ప్రార్థనామందిరములు తెల్లదొరల సేనల యక్కరకై కట్టినవే కాని ఊరివారికొరకు కట్టినవి కావు. 1895లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అను వెస్లియను బోధకుడు తిరుమలగిరి దండులో సైనికులకు బోధ చేయుటకై వచ్చెను. కాని ఆయన చూపు దండు దాటి పల్లెలపై బడెను. మరుసటి యేట మెదకు చేరి అచ్చటనే స్థిరపడెను. కరవు దినములలో పేదలకు పని చూపి, పనికి తిండి పెట్టి, 1914 మొదలు 1924 వరకు ఆయన కట్టించిన దేవాలయము నేటికిని నిలిచియున్నది. దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు టెత్తు 175 అడుగులు. 1924 డిసెంబరు 25వ తేదీన దానిని ప్రతిష్ఠించిరి.

ఆ కట్టడమును చూచి వచ్చిన విద్యావంతులలో కొందరు ఒక మాట యనుట మేము వినుచుందుము. 'కట్టడము ఘనమే, కాని దాని పునాదిలో నున్నది గంజి. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టినవాని దేవుని గొలుచుట భక్తియా, బేరమా?' అని వారి యాక్షేపము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఇది నిజమైనచో ఈ దేశపు లక్షలాది క్రైస్తవుల నిరీక్షణ వట్టి ఆశయే యగును. కావున ఈ యాక్షేపము మిక్కిలి తీవ్రముగ వచ్చిన చోటికే, అనగా ఒంగోలునకు, చదువరులను తోడ్కొని పోయెదము.

1853లో అమెరికా బాప్తిస్టులు తమ తెలుగు మిషనును మూసివేయుదమా యని తర్కించుకొనిరి. అంతకుముందు సుమారు పదునేడు వత్సరములు శ్రమించినను ఫలము స్వల్పముగ నుండెను. 1854 జనవరి 1వ తేదీ వేకువను లైమన్ జూవెట్ దంపతులును, మువ్వురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై ప్రార్థించిరి. పండ్రెండేండ్ల పిమ్మట, 1866లో, యౌవనమున సర్వే పని చేసిన జాన్ ఎవరెట్ క్లౌ అను బోధకుడు ఒంగోలున కాపురముండెను. ఆ యేడే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1వ తేదీన అచ్చట సంఘము ఏర్పడునప్పటికి సభ్యులు ఎనమండుగురు.

అంతట క్లౌకు చిక్కు వచ్చెను. ఊరిలోని యగ్రవర్ణముల వారు తమ బిడ్డలను ఆయన పాఠశాలకు పంపుచుండిరి. మాదిగల బిడ్డలను చేర్చుకొన్నచో మేము రామని వారు తేల్చి చెప్పిరి. క్లౌ మాదిగల నెన్నుకొనెను, పైవర్ణముల వారు తొలగిపోయిరి. చేరిన పేదలకు మాత్రము సుఖమేమి దొరకెను? చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు, జాతరలలో డప్పు కొట్టరాదు అను నియమములు వారికి విధింపబడెను. ఊరి పెత్తందారులకు ఇది తిరుగుబాటుగ దోచెను. వెట్టి చేయువారు దినము కోరుట యెన్నడైన విన్నామా యని వారు కినిసిరి. పని మాన్పుట, నీటి యెద్దడి కలిగించుట, కొట్టుట, వ్యాజ్యములు బనాయించుట సాగెను. క్షామము రాకమునుపే ఈ కష్టములన్నిటిని పడి సంఘమున నిలిచినవారు పెక్కురుండిరి. గంజికొరకు వచ్చినవాడు దెబ్బలకొరకు నిలువడు గదా!

పిమ్మట 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామము వచ్చెను. దక్షిణ, పశ్చిమ భారతములలో మరణించినవారిని చరిత్రకారులు ఏబది లక్షలకు పైగా లెక్కించుచున్నారు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో రాణీ విక్టోరియాను చక్రవర్తినిగ ప్రకటించు దర్బారు మహావైభవముగ జరిగెను. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపిల్ క్షామపు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. దేశమున జనులు చచ్చుచుండగా రేవులనుండి ధాన్యము సీమకు ఎగుమతి యగుచుండెను. ఇట్టి పాలన క్రైస్తవ రాజ్యమని పేరు పెట్టుకొన్నది! నీతి తలక్రిందులైన లోకమునకు ఇంతకంటె వేరు నిదర్శన మక్కరలేదు.

అప్పుడు క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు బట్టెను. సర్వే విద్య ఆయనకు అక్కరకు వచ్చెను. తెలుగు బోధకులు మేస్త్రీలై కూలీలను నడిపించిరి. పని ముగిసినవేళ కూర్చుండి బోధించిరి. చాల వేలమంది ఆ పనిచే ప్రాణములు నిలుపుకొనిరి. మాకు బాప్తిస్మ మిమ్మని వందలకొలది అడిగిరి. ఆయన ఇయ్యలేదు. 1877 వసంతమునుండి 1878 జూను వరకు, ఇంచుమించు పదునైదు నెలలు, ఒక్కరికిని బాప్తిస్మ మియ్యలేదు. అన్నమునకును మతమునకును నడుమ ఆయన ఉద్దేశపూర్వకముగ గోడ గట్టెను.

క్షామ సహాయము ముగిసిన పిమ్మట ఆ గోడ తొలగెను. 1878 జులై 2, 3, 4 తేదీలలో గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి వద్ద 3,536 మంది బాప్తిస్మము పొందిరి. జులై 3వ తేదీ యొక్కనాడే 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగ మారుచు ఆ పని నెరవేర్చిరి. క్లౌ స్వయముగ నీటిలో దిగి ఒక్కరికైనను ఇయ్యలేదు.

వీరిలో అన్నదాతపై కృతజ్ఞతచే వచ్చినవారు లేరా? ఉందురు. అట్లు లేరని వాదించుట మాకు సమ్మతము గాదు. కాని ఆకలిగొన్నవానికి దైవజిజ్ఞాస కలుగుటకు అర్హత లేదనుట యే ధర్మము? తైత్తిరీయోపనిషత్తున భృగువు తపము చేసి మొట్టమొదట తెలిసికొన్న బ్రహ్మము అన్నమే. ఆపైననే ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము. ఋషికుమారునకు అన్నము తొలిమెట్టు కావచ్చునట, మాదిగవాడల వారికి మాత్రము కారాదట! కడుపు నిండినవాడు మతమున నిలిచినచో వాని భోజనమును గూర్చి మన మెన్నడును ప్రశ్నింపము.

ఈ కథ తెలుగుదేశమునకే పరిమితము గాదు. క్లౌ 1910లో మరణించెను. ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ మాదిగల జీవితముపై 1899లో ఒక గ్రంథము ప్రకటించినది. ఆయన ఆత్మకథయు ఆమె చేతిమీదుగనే 1914లో వెలువడెను. ఆమె సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ న్యూయార్కు పేదవాడలో పనిచేసి, 1907లో క్రైస్తవమును సంఘసంక్షోభమును గూర్చి గ్రంథము వ్రాసి, దేవుని రాజ్యము మరణానంతరమునకు మాత్రమే చెందినది కాదు, కూలిరేట్లకును చెందినదే యని చాటిన ప్రసిద్ధుడు. ఒకే యింటి బిడ్డ లిరువురు, ఒకరు న్యూయార్కు ఇరుకుసందులలో, ఒకరు మాదిగపల్లెలలో, ఒకే సత్యమును చూచిరి.

ఇంతవరకు చెప్పినది సగము. చూపు మరల్చకుండుటయే నిరీక్షణ యైనచో, సంఘము తన లోపలికి సైతము చూచుకొనవలెను. 1910లో ఎడింబరో మహాసభలో వేదనాయకం సామ్యూల్ అజరయ్య తెల్లబోధకుల యెదుటనే లేచి, మీరు మాకు త్యాగములు చేసితిరి, ఇక మాకు స్నేహితుల నిండని కోరెను. 1912 డిసెంబరు 29వ తేదీన ఆయనయే దోర్నకల్లునకు బిషప్పుగ అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పయ్యెను. తెల్లవారికిని మనకును గల యంతరమును ఆయన వ్రేలెత్తి చూపెను. కాని మాలలకును మాదిగలకును గల యంతరము బాప్తిస్మపు నీటిలో కరగలేదు. వేర్వేరు ప్రార్థనామందిరములు, వేర్వేరు శ్మశానములు, కులము లోపలి పెండ్లిండ్లు సంఘమున నేటికిని లేకపోలేదు. 1936-37 సంవత్సరములలో గాంధీ మహాత్ముడు 'హరిజన్' పత్రికలో సామూహిక మతాంతరములను విమర్శించెను. ఆ విమర్శ నంతటిని మేము అంగీకరింపము. కాని దానికి దీటైన ప్రత్యుత్తరము వాదముచే వచ్చునది కాదు, సంఘపు నడవడిచే రావలసినది.

వెలుపలి లోకమును అంతగా మారలేదు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు క్రైస్తవులైన దళితులను షెడ్యూల్డు కులముల పట్టికనుండి వెలి చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును సడలింపు దొరకెను, క్రైస్తవులకు దొరకలేదు. క్లౌ నడచిన దేశముననే కారంచేడులో 1985 జులై 17వ తేదీన ఆరుగురు మాదిగలు హతులైరి. 1991 ఆగస్టు 6వ తేదీన గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు మాలలు హతులైరి. చుండూరు ముద్దాయిలకు ప్రత్యేక న్యాయస్థానము 2007లో విధించిన శిక్షలను 2014లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను. ఆ యిండ్లలోని స్త్రీలను 'ఆశ వదలకు'డని యోదార్చుటకు మాకు నోరు రాదు. కాని చుండూరువారు తమ యూరనే న్యాయస్థానము నెలకొల్పవలెనని పట్టుబట్టి సాధించిరి. చూచినదానిని చూడలేదనక, ఏండ్లకొలది సాక్ష్యము చెప్పిరి. నిరీక్షణ యనిన ఇదియే యని మేము తలంతుము.

కావున చదువరులకు మా విన్నపమొకటి. లోకము చెడినదని నిట్టూర్చి పరలోకము వంకనే చూచువాడును, చెడినదని చేతులు ముడుచుకొనువాడును ఒక్కటే తప్పు చేయుచున్నారు. ఇరువురును ఎదుట నున్నదానిని చూచుట మానిరి. రాబోవు ఆదివారము ప్రార్థనకు పోవువారు తమ సంఘపు శ్మశానములో ఎవరి నెక్కడ పూడ్చుచున్నారో ఒకమారు చూచి రండు. ప్రార్థనకు పోనివారు తమ యింట పాకీ పని చేయువానికి నీ రే పాత్రలో నిచ్చుచున్నారో చూచుకొనుడు. చూచిన పిమ్మట చేయవలసినది ఎవరికి వారికే తోచును. పదునైదు నెలలు ఆగి, ఆపైని గుండ్లకమ్మ నీటిలో దిగినవారి నిరీక్షణకు మనము చెల్లింపగల గౌరవము ఇంతకంటె వేరు లేదు.