బళ్లారి సరిహద్దు గుట్టలు: ప్రకృతి, సంస్కృతి విడిపోని నేల

గుంతకల్లు నుంచి రైల్లో బళ్లారి వైపు వెళ్తుంటే నల్లరేగడి చదును మీద గ్రానైట్ గుట్టలు ఒక్కొక్కటిగా తలెత్తుతాయి. గుండు మీద గుండు పేర్చినట్టుండే ఈ గుట్టలను భూగర్భ శాస్త్రజ్ఞులు కోట్ల ఏళ్ల ఎండావానల పనిగా చదివారు. పురావస్తు పరిశోధకులు వాటి మీద రాతియుగపు ఊళ్లను వెతికారు. అటవీ శాఖ ఎలుగుబంట్లను లెక్కపెట్టుకుంది. గనుల శాఖ అక్కడి రాతికి, ఖనిజానికి వెల కట్టింది. ఇందరు చూసినది ఒకే గుట్ట. ఆ గుట్టను శాఖలవారీగా, భాషలవారీగా, రాష్ట్రాలవారీగా ముక్కలు చేసి చూడడం వల్లనే దాన్ని సరిగా అర్థం చేసుకోలేకపోతున్నామని, కాపాడుకోలేకపోతున్నామని ఈ వ్యాసం వాదిస్తుంది.

ముందు హద్దుల సంగతి చూద్దాం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్త మండలాల్లో బళ్లారి ఒక భాగం. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా ఉన్న ఆ విశాల మండలాన్ని 1808లో బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం వేరుపడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగిలినవి మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. బళ్లారి తాలూకా ఎవరిదనే తగువును హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా పరిశీలించి మైసూరుకే ఇవ్వాలని సిఫారసు చేశారు. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడడంతో హంపి కూడా బళ్లారి జిల్లా నుంచి తప్పుకుంది. ఈ గీతలన్నీ పాలన కోసం గీసుకున్నవి. గుట్టల వరుస గానీ, వాటి నీడన బతికిన మనుషుల అలవాట్లు గానీ ఈ గీతల దగ్గర ఆగిపోలేదు.

ఆగిపోలేదనడానికి బూడిద దిబ్బలే పెద్ద సాక్ష్యం. బళ్లారి నుంచి హొసపేట వెళ్లే దారిలో కుడతిని దగ్గర ఒక దిబ్బ ఉంది. పైకి మామూలు మట్టిమిట్టలా కనిపించే ఆ దిబ్బ లోపలంతా బూడిద పొరలు, కరిగి గడ్డకట్టిన, ఇనుప చిట్టెం లాంటి ముద్దలు. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను జనం వాలి చితాభస్మం అంటారు. ఇంకొన్నిచోట్ల వీటిని రాక్షసులను కాల్చిన చోట్లుగా చెప్పుకుంటారు. కెప్టెన్ న్యూబోల్డ్ 1843లో వీటి గురించి రాశాడు. బళ్లారిలో కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1899లో వీటిని విజయనగర కాలపు చితులతో ముడిపెట్టి చూశాడు. ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ రాసిన మనిషికి ఎటు చూసినా విజయనగరమే కనిపించడంలో వింతేమీ లేదు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇదంతా కాలిన పశువుల పేడ అన్నాడు. 1950ల చివర జాయ్‌నర్ చేసిన ప్రయోగశాల పరీక్షలు ఫుట్ మాటనే బలపరిచాయి. అదే కాలంలో రేమండ్ ఆల్చిన్ ఇప్పటి తెలంగాణలోని ఊట్నూరు దిబ్బను తవ్వినప్పుడు, బూడిద పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలే బయటపడ్డాయి. చుట్టూ కంచె నాటిన దొడ్డి, అందులో పేరుకున్న పేడ, ఎప్పటికప్పుడు దానికి పెట్టిన నిప్పు. ఇవన్నీ మళ్లీ మళ్లీ జరగగా లేచిన దిబ్బలివి.

నిప్పు ఎందుకు పెట్టారన్నదే అసలు ప్రశ్న. శుభ్రత కోసమే అయితే పేడను అంత వేడికి, కరిగి గాజులా మారేదాకా, కాల్చనక్కర్లేదు. పశువులను మంటల మీదుగా దాటించే పండుగ ఆచారాలను ఆల్చిన్ ఇక్కడ గుర్తుచేశాడు. సంక్రాంతికి పశువుల చేత మంట దాటించే ఆచారం దక్షిణ కర్ణాటక పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నాలుగు వేల ఏళ్ల నాటి దిబ్బకూ ఈనాటి పండుగకూ నేరుగా ముడి వేయడానికి నేను సాహసించను. అయితే అక్కడ పేడ వ్యర్థం కాదని, మంట వంటకే పరిమితం కాదని, మంద చుట్టూ ఒక కొలువు, ఒక సంబరం నడిచేవని మాత్రం ఆ పొరలు చెబుతున్నాయి. అనంతపురం జిల్లా పాలవాయిలో వి. రామిరెడ్డి తవ్విన దిబ్బ కూడా ఈ కుటుంబంలోదే. పాలవాయి ఆంధ్రలో, కుడతిని కర్ణాటకలో, ఊట్నూరు తెలంగాణలో ఉన్నాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఒక్కటీ అర్థం కాదు.

బళ్లారి పట్టణానికి కొద్ది దూరంలోనే సంగనకల్లు, కప్పగల్లు గుట్టలున్నాయి. బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వి, 1948లో ‘స్టోన్ ఏజ్ కల్చర్స్ ఆఫ్ బళ్లారి’ ప్రచురించారు. తర్వాత రవి కోరిశెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ బృందం ఈ శతాబ్దం తొలి ఏళ్లలో మళ్లీ పనిచేసి మూడు విషయాలు స్పష్టం చేసింది. మొదటిది తిండి. అండుకొర్రలు, ఉలవలు, పెసలు ఈ గుట్టల వాసులు పండించుకున్న పంటలు. బయటి నుంచి వచ్చిన గోధుమ, బార్లీ కాక, ఈ నేల మీదే పుట్టి పెరిగిన గింజలు. అండుకొర్రను రాయలసీమ మెట్ట రైతు నిన్నమొన్నటిదాకా చల్లాడు, కొందరు ఇప్పుడు మళ్లీ చల్లుతున్నారు. బళ్లారి మెట్టలో కరువు తట్టుకునే పంటల చరిత్ర ఇంత లోతైనదని తెలిసిన వ్యవసాయ పరిశోధకుడు చిరుధాన్యాలను కొత్త ఫ్యాషన్‌గా చూడలేడు.

రెండోది గొడ్డళ్లు. గ్రానైట్ గుట్టను చీల్చుకుంటూ నల్లటి డోలరైట్ రాతి గోడ ఒకటి పోతుంది. హిరేగుడ్డ మీద ఆ నల్లరాతిని పగలగొట్టి, చెక్కి, నూరి గొడ్డళ్లు తయారుచేశారు. నూరగా నూరగా పడిన గాడులు బండల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఇంటి అవసరానికి మించిన ఉత్పత్తి అది. క్రీ.పూ. రెండో సహస్రాబ్దిలో ఈ గుట్ట చుట్టుపక్కల సీమకంతా పనిముట్టు అందించిన కార్ఖానా అని చెప్పవచ్చు.

మూడోది అందరినీ ఆశ్చర్యపరిచిన విషయం. కప్పగల్లు డోలరైట్ గుండ్ల మీద వందల కొద్దీ బొమ్మలు పొడిచి చెక్కారు. రాతి పైపొర నల్లగా ఉంటుంది, దాన్ని పొడిస్తే లేత రంగు బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లేత రంగు మళ్లీ నలుపెక్కుతుంది. అందువల్ల ఒకే బండ మీద ఏది పాతదో ఏది కొత్తదో రంగును బట్టి కొంత పోల్చుకోవచ్చు. అన్నిటికంటే నల్లబడిన బొమ్మల్లో ఎక్కువ భాగం పొడవు కొమ్ముల, మూపురాల ఎద్దులు. కొన్ని బొమ్మలు మనిషి నిలబడడానికి కూడా వీల్లేని చోట, వేలాడుతూ చెక్కారా అనిపించే చోట ఉన్నాయి. ఇక కొన్ని గుండ్ల మీద గిన్నెల్లాంటి గుంటలున్నాయి. మరో రాయి తీసుకొని ఆ గుంటలో కొడితే గుండు గంటలా మోగుతుంది. 1892లో ఫ్రెడ్ ఫాసెట్ ఈ గుట్ట గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం పండితలోకం అంతగా పట్టించుకోని ఈ చోటును బోయివిన్ మళ్లీ వెలుగులోకి తెచ్చి, 2004లో ‘యాంటిక్విటీ’ పత్రికలో బొమ్మనూ నాదాన్నీ కలిపి చర్చించింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉంది, నా వాదనంతా దాని మీదే నిలుస్తుంది. గుండు మోగేది కేవలం రాతి గుణం వల్ల కాదు. అది మరో రెండు మూడు బండల మీద కొద్ది తావుల్లోనే ఆని, ఒళ్లంతా కంపించే వీలున్నందువల్ల మోగుతుంది. ఆ గుండును పెకలించి బళ్లారిలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ సంగనకల్లు మ్యూజియంలో నేల మీద పెడితే రాయి మిగులుతుంది, నాదం పోతుంది. గొడ్డలిని గాజు పెట్టెలో దాచవచ్చు, మోగే గుండును దాని చోటే కాపాడాలి. ఆ చోటంటే కింద ఆనిన బండలు, పక్కన డోలరైట్ గోడ, పైన వాలు, మొత్తం గుట్ట. చుట్టూ రాళ్ల క్వారీలు పనిచేసే సీమలో ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. కంకర కోసం పేల్చిన గుట్టలు బళ్లారి చుట్టూ కళ్లెదుటే ఉన్నాయి. పరిశోధకులు పదేపదే హెచ్చరించింది కూడా దీని గురించే.

గార్గానో ద్వీపకల్పంతో పోల్చి చూస్తే మన లోపం తెలుస్తుంది. ఇటలీ తూర్పు తీరాన ఏడ్రియాటిక్ సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఆ సున్నపురాతి కొండల్లో, వియెస్టె ఊరి దగ్గర డెఫెన్సోలా అనే చోట క్రీ.పూ. ఆరో సహస్రాబ్ది నాటి చెకుముకి రాతి గనులున్నాయి. అదే ద్వీపకల్పంలో బీచ్ చెట్ల పురాతన అడవి ఉంది, మోంతె సాంతాంజెలోలో మిఖాయేలు దేవదూత గుహాలయం ఉంది. అడవినీ, పల్లెలనూ, యాత్రాస్థలాన్నీ కలుపుకొని ఒక జాతీయోద్యానం ఏర్పడింది, దాని కార్యాలయం ఆ గుహాలయం ఉన్న ఊళ్లోనే ఉంది. అక్కడ కష్టాలు లేవని కాదు. కానీ రాయి, చెట్టు, మొక్కు మూడూ ఒకే నేలవని పాలనా పటం ఒప్పుకుంది. మనకు హంపి 1986లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. దానికి కొద్ది దూరంలోని బిళికల్లు అడవిని 1994లో దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యంగా ప్రకటించారు. ఆ గుండ్ల సందుల్లో ఎలుగుబంట్లు పగలంతా పడుకుంటాయి, సాయంత్రం పుట్టలు తవ్వుకోవడానికి దిగుతాయి. దక్షిణాది రాళ్ల గుట్టల్లో తప్ప మరెక్కడా ఉండని పసుపు గొంతు పిగిలిపిట్ట కూడా ఇక్కడే ఉంటుంది. ఎలుగుకు గూడైన గుండూ, ఎద్దు బొమ్మ మోసే గుండూ ఒకే జాతి భూరూపాలు. అయినా వాటిని చూసే శాఖలు వేరు, చట్టాలు వేరు.

సండూరు కొండల్లో ఈ విడదీత ఫలితం అందరికీ తెలిసిందే. ఇనుప ఖనిజం తవ్వకాల వేడిలో 2006లో సరిహద్దులోని సుగ్గలమ్మ గుడి పేలుడుకు నేలమట్టమైంది. రెండు రాష్ట్రాల మధ్య హద్దు గుర్తులే చెరిగిపోయాయన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరకు 2011 జులై 29న ఆ కోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు నిలిపివేయించింది. అడవి పోయిందని కొందరు, గుడి పోయిందని కొందరు, ఆదాయం పోయిందని ఇంకొందరు బాధపడ్డారు. పోయింది మాత్రం ఒకే కొండ.

భాష విషయంలో జనం శాఖల కంటే తెలివిగా బతికారు. బళ్లారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆయన సమకాలికుడు కోలాచలం శ్రీనివాసరావు ఆధునిక తెలుగు నాటకానికి ఇక్కడే పునాది వేశారు. విజయనగర పతనాన్ని కోలాచలం నాటకంగా మలచడంలో పొరుగునున్న హంపి శిథిలాల ప్రేరణ లేదనుకోవడం కష్టం. బళ్లారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ నటించాడు. ఇంకా లోతుగా చూడాల్సింది దరోజీ ఈరమ్మను. బుడగ జంగాల కుటుంబంలో పుట్టి, బుర్రకథ చెప్పి బతికిన ఆమె 2014లో కన్నుమూశారు. ఇంట్లో తెలుగు, కథ చెప్పేది కన్నడంలో. కుమారరాముడు, బాలనాగమ్మ, బబ్బులి నాగిరెడ్డి కథలు ఆమె నోట గంటల కొద్దీ సాగేవి. ఏ ఊరి పేరున ఎలుగుబంట్ల అభయారణ్యం ఉందో ఆ ఊరి పేరే ఆమె పేరు ముందు నిలిచింది. సంచార కళాకారుల దారులు, ఒకప్పటి మందల దారులు, గుట్టల వరుసలు ఎక్కడెక్కడ కలిశాయో పటం మీద పెట్టి చూసే పని ఎవరైనా తలకెత్తుకోవాలి.

ఆ పనికి మొదటి మెట్టు మూడు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు కలిసి బూడిద దిబ్బల ఉమ్మడి పట్టిక తయారుచేయడం. ప్రతి దిబ్బకూ సర్వే నంబరు, ఇప్పటి భూమి వాడకం, చుట్టుపక్కల జనం తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పే కథ, అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. ఎరువు కోసం బూడిద తవ్వుకుపోయిన దిబ్బలను కూడా అందులో చేర్చాలి. రెండో మెట్టు కప్పగల్లు, సంగనకల్లు గుట్టలను విడివిడి బండలుగా కాక పూర్తి గుట్టలుగా, క్వారీ అనుమతులకు అందకుండా గుర్తించడం. గుండ్ల నాదాన్ని రికార్డు చేసి, ఏ గుండు ఏ బండ మీద ఎలా ఆనిందో కొలిచి ఉంచుకోవడం కూడా ఇందులో భాగమే. పక్క క్వారీలో పేలుడు జరిగి ఒక్క ఆనిక జరిగినా, ఎంత నష్టం జరిగిందో చెప్పడానికి ఆ కొలతలు తప్ప మన చేతిలో వేరే ఆధారం ఉండదు.