డమాస్కస్ రోడ్డు మీద ఫలాఫెల్

బీరుట్‌లో డమాస్కస్ రోడ్డు మీద రెండు ఫలాఫెల్ కొట్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రెండింటి పేరూ సహ్యూనే. 1933లో ముస్తఫా సహ్యూన్ పెట్టిన కొట్టు, కొడుకుల కాలానికి వాటాలు పడి రెండయింది. రెండు చోట్లా అమ్మేది ఒకటే సరుకు. పల్చటి అరబ్బు రొట్టె, అందులో చిదిపి పరిచిన ఫలాఫెల్, టమాటా, పుదీనా, పార్స్‌లీ, ముల్లంగి, పైన నువ్వుల సాస్. కొనేవాళ్ళు కూడా కుర్చీల కోసం చూడరు. నిలబడో నడుస్తూనో తినేస్తారు.

పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో శనగల విభాగంలో పనిచేసినదాన్ని నేను. లెబనాన్ వెళ్ళింది కూడా ఆ పని మీదే. అందుకని ఏ తిండినైనా గింజ వైపు నుంచి చూడడం అలవాటైపోయింది. ఫలాఫెల్ మాదంటే మాదని ఆ చుట్టుపక్కల దేశాలన్నీ పేచీ పడుతుంటాయి. ఆ పేచీ అంతా నానిన గింజలు రుబ్బి నూనెలో వేయించే ఉండ గురించే. లెబనాన్ వాటా ఎంతని నన్నడిగితే ఉండను కాసేపు పక్కన పెట్టి, దాన్ని చుట్టే రొట్టెనూ, ఆ రొట్టె అమ్ముడుపోయిన రోడ్డునూ చూడమంటాను.

ఉండ పుట్టిల్లు ఈజిప్టు అన్న మాటను చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. కైరోలో దాన్ని తామియా అంటారు, అలెగ్జాండ్రియాలో ఫలాఫెల్. అక్కడ అసలు సరుకు శనగ కాదు, ఫావా. మన దేశంలో బిహార్ వైపు బాకలా అని పండించే గింజ అదే. పొట్టు తీసిన ఎండు ఫావా బద్దల్ని నానబెట్టి కొత్తిమీర, పార్స్‌లీ, సోయకూర, ఉల్లికాడలు దండిగా వేసి రుబ్బుతారు. అందుకే విరిస్తే లోపల ఆకుపచ్చగా ఉంటుంది. ఏడాదిలో 200 రోజులకు పైగా మాంసం, పాలు, గుడ్లు ముట్టని కోప్టిక్ క్రైస్తవులే ఉపవాసాల కోసం దీన్ని కనిపెట్టారని చెప్పుకుంటారు. ఫారోల నాటిదని చెప్పేవాళ్ళూ ఉన్నారు. రాతల్లో మాత్రం 19వ శతాబ్దం చివర, 1882లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దిగిన తరవాతే దీని ఊసు కనబడుతుంది. ఇండియాలో పకోడీల రుచి మరిగిన దొరలు అక్కడ అలాంటిదేదో చేయించుకున్నారని ఒక ఊహ కూడా ప్రచారంలో ఉంది. మన చెవికి ఇంపుగానే ఉంటుంది కానీ రుజువు లేదు. నాకు సబబుగా తోచేది నూనె లెక్క. మూకుడు నిండా నూనె పోసి వేయించే తిండి రోడ్డు మీద చవగ్గా అమ్మాలంటే ముందు నూనె చవగ్గా దొరకాలి. అది ఫారోల కాలం మాట కాదు.

అలెగ్జాండ్రియా రేవుకూ బీరుట్ రేవుకూ మధ్య ఆ రోజుల్లో రాకపోకలు జోరుగా ఉండేవి. లెబనాన్ కొండ ఊళ్ళ నుంచీ బీరుట్ నుంచీ ఎంతోమంది బతుకుతెరువుకు ఈజిప్టు పోయారు. కఫర్‌షిమా ఊరి తక్లా అన్నదమ్ములు 1875లో అలెగ్జాండ్రియాలో అల్ అహ్రామ్ పత్రిక పెట్టారు. బీరుట్‌లో పుట్టిన జుర్జీ జైదాన్ 1892లో కైరోలో అల్ హిలాల్ మొదలుపెట్టాడు. పత్రికలూ, సరుకులూ, పెళ్ళి సంబంధాలూ ఓడలెక్కిన దారిలో ఒక వంటకం ఎక్కడంలో వింతేముంది?

ఒడ్డు మారేసరికి గింజ మారింది. ఫావా నైలు ఒండ్రులో పెరిగే పంట. సముద్రానికి ఇవతల వాన మీద ఆధారపడే మెట్ట, శనగకు అనువైన నేల. శనగకు తల్లి అనదగ్గ అడవి మొక్క టర్కీ ఆగ్నేయపు కొండల్లో ఈనాటికీ మొలుస్తుంది. పాలస్తీనా వైపు ఫలాఫెల్‌లో ఒట్టి శనగే వేస్తారు. లెబనాన్‌లో ఫావా, కాబూలీ శనగ కలుపుతారు, తరచు సగం సగం. శనగ వల్ల పైన కరకర, ఫావా వల్ల లోపల మెత్తదనం. రెండు పంటల సరిహద్దులో ఉన్న ఊరికి రెండూ కావాలనిపించడం సహజమే.

ఇక రోడ్డు సంగతి. డమాస్కస్ రోడ్డును ఫ్రెంచి కంపెనీ ఒకటి వేసి 1863లో తెరిచింది. బీరుట్‌లో బయల్దేరి లెబనాన్ కొండ ఎక్కి, బెకా లోయలోకి దిగి, మళ్ళీ కొండ దాటి డమాస్కస్ చేరుతుంది. కంచరగాడిదల మీద రోజులు పట్టే ప్రయాణం గుర్రపుబండిలో ఒక్క రోజుకు తగ్గింది. 1895లో రైలు కూడా వచ్చింది. 1908 నుంచి బీరుట్‌లో ట్రాములు తిరిగాయి. 1920లో ఫ్రెంచివాళ్ళు లెబనాన్‌ను విడి రాజ్యంగా ప్రకటించి బీరుట్‌ను రాజధాని చేశాక ఊళ్ళోకి ఆఫీసులు, కోర్టులు, కాలేజీలు, అచ్చు కొట్లు వచ్చాయి. వాటి వెంట గుమాస్తాలు, విద్యార్థులు, కూలీలు. పొద్దున ట్రామెక్కితే సాయంత్రం దాకా ఇల్లు చేరనివాళ్ళు. సహ్యూన్ కొట్టు వెలిసింది అలాంటి ఊళ్ళో.

ఆ జనానికి కావలసింది చవకైన, చేతిలో ఇమిడే, చొక్కా మీద కారని భోజనం. ఇక్కడే రొట్టె పని మొదలవుతుంది. కైరోలో దొరికే ఐష్ బలదీ చిన్నది, దళసరి. మధ్యలో చీల్చి సంచీలా కూరతారు. లెబనాన్ ఖుబ్జ్ వెడల్పు, పల్చన. అంచు పట్టి విప్పితే రెండు పొరలుగా ఊడి వస్తుంది. గల్ఫ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు కుబూస్ అనేది ఈ జాతి రొట్టెనే. ఆ రెండు పొరల్నీ ఒకదాని మీద ఒకటి వేసి, ఫలాఫెల్‌ను వేళ్ళతో నలిపి వరసగా పరుస్తారు. ఉండను ఉండగా వదలరు. నలిగిన చోట సాస్ ఇంకుతుంది, ఏ వైపు కొరికినా అన్నీ తగులుతాయి. అడుగున ఉన్న పొర తడిసి చినిగినా పై పొర ఆపుతుంది.

ఇంకో సుగుణం కూడా ఉంది దీనికి. చట్టం 18 మతశాఖల్ని గుర్తించిన దేశం లెబనాన్. ఫలాఫెల్‌లో మాంసం లేదు కాబట్టి హలాలా కాదా అని ముస్లిం అడగక్కర్లేదు, ఉపవాస దినాల్లో తినొచ్చా అని క్రైస్తవుడు తటపటాయించక్కర్లేదు. అందరూ తినగలిగిన వీధి తిండి అది. 1948లో పాలస్తీనా నుంచి దాదాపు లక్షమంది శరణార్థులు లెబనాన్ వచ్చినప్పుడు కొత్తగా అలవాటు చేసుకోవలసిన పని లేని తిండి కూడా అదే.

ఆ ఉమ్మడితనాన్ని రోడ్డు నిలబెట్టుకోలేకపోయింది. 1975 ఏప్రిల్ 13న మొదలైన అంతర్యుద్ధంలో బీరుట్ తూర్పు, పడమరలుగా చీలింది. గ్రీన్ లైన్ అన్న ఆ చీలిక గీత డమాస్కస్ రోడ్డు పొడవునా పోయింది. సోదెకో కూడలిలో యూసుఫ్ అఫ్తిమూస్ కట్టిన 1924 నాటి పసుపురాతి భవనం తుపాకులు గురిపెట్టేవాళ్ళ స్థావరమైంది. ఇప్పుడది బైత్ బీరుట్ అనే మ్యూజియం. గోడల్లో గుళ్ళ రంధ్రాలు అలాగే ఉంచారు. అదే రోడ్డు మీదున్న సహ్యూన్ కొట్టు యుద్ధంలో మూతబడి, యుద్ధం ముగిశాక మళ్ళీ తెరుచుకుంది. యుద్ధకాలంలో ఒకవైపువాళ్ళు రెండోవైపు రాలేకపోయిన చోట ఇప్పుడు మధ్యాహ్నం ఒకటింటికి వరస కట్టి నిలబడతారు.

దేశాల పేచీ ముదిరింది 2008లో. హమ్మస్ అనే శనగ ముద్ద, ఫలాఫెల్ లాంటి వంటకాల్ని ఇజ్రాయెల్ తనవిగా అమ్ముకుంటోందని, దావా వేస్తామని లెబనాన్ పారిశ్రామికవేత్తల సంఘం అధ్యక్షుడు ఫాదీ అబ్బూద్ ప్రకటించాడు. ఫెటా చీజ్ పేరు గ్రీసుకే చెందుతుందన్న యూరప్ తీర్పు ఆయనకు ఆదర్శం. 2010 మే నెలలో షెఫ్ రమ్‌జీ షువేరీ, అల్ కఫాఆత్ విద్యాసంస్థ విద్యార్థులు కలిసి 5,173 కిలోల ఫలాఫెల్ చేసి గిన్నిస్ పుస్తకానికెక్కారు. దానికి ముందు రోజు హమ్మస్ 10,452 కిలోలు చేశారు. లెబనాన్ వైశాల్యం అన్ని చదరపు కిలోమీటర్లే మరి! తూకంతో రికార్డు వచ్చింది. యాజమాన్యం మాత్రం తేలలేదు.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద కథ గింజలది. ఇక్రిశాట్ పటాన్‌చెరులో 1972లో మొదలైతే, దానికి తోబుట్టువు లాంటి ఇకార్డా 1977లో ఏర్పడి, సిరియాలో అలెప్పో దగ్గర్లోని తల్ హద్యాలో స్థిరపడింది. శనగల పని ఇద్దరూ పంచుకున్నారు. చిన్నవైన దేశవాళీ శనగలు ఎక్కువగా మా వంతు, లావు కాబూలీ శనగలు వాళ్ళ వంతు. ఫావా కూడా వాళ్ళదే. సిరియా యుద్ధం రాగానే వాళ్ళు తల్ హద్యా వదిలి రావలసి వచ్చింది, ముఖ్య కార్యాలయం బీరుట్ చేరింది. అదృష్టం కొద్దీ విత్తనాల జోడు నకళ్ళను అప్పటికే నార్వేలోని స్వాల్‌బార్డ్ ఖజానాలో దాచారు. ఆ ఖజానా నుంచి మొట్టమొదటిసారి విత్తనాలు వెనక్కి తీసుకున్నది వాళ్ళే, 2015లో. శనగ, ఫావా, గోధుమ, బార్లీ విత్తనాల్ని మొరాకోలోనూ బెకా లోయలోని తెర్బోల్ క్షేత్రంలోనూ మళ్ళీ నాటి పెంచారు. బీరుట్ నుంచి తెర్బోల్‌కు పోవాలంటే ఎక్కవలసింది డమాస్కస్ రోడ్డే. మడిలో రకం రకానికీ కట్టిన చీటీలు చూసుకుంటూ నడిచినప్పుడు నాకు అర్థమైంది, ఫలాఫెల్ చరిత్ర గతం ఒక్కటే కాదని. రేపటి పంటకు పూచీ కూడా ఆ మడిలోనే ఉంది.

ఇప్పటి కష్టం వేరు. 2019లో కుప్పకూలిన లెబనాన్ ఆర్థిక వ్యవస్థ ఇంకా లేవలేదు. ఏళ్ళ తరబడి డాలరుకు 1,507 దగ్గర కట్టేసి ఉన్న లీరా 90,000 దాకా జారింది. 2020 ఆగస్టు 4న రేవులో జరిగిన పేలుడుకు దేశపు పెద్ద ధాన్యం గోదాములు ధ్వంసమయ్యాయి. గోధుమ, నూనె బయటి నుంచి కొనే దేశంలో బీదవాడి భోజనం కూడా లెక్క చూసుకుని తినేదైంది.

ఇంట్లో చేయడానికి మనకు అడ్డంకి ఏమీ లేదు. ప్రకాశం జిల్లా నల్లరేగళ్ళలో పండే కాక్-2 కాబూలీ శనగలే దీనికి సరిపోతాయి. ఫావా దొరక్కపోతే వదిలేయండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే దొరికినా వద్దు. ఆ గింజ వాళ్ళ ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తుంది.

"డబ్బాలో ఉడికినవి వస్తున్నాయి కదా అత్తయ్యా, అవి వేస్తే పోలా?" అని మా కోడలు అడుగుతుంటుంది.

"వేస్తే నూనెలో పోతాయమ్మా" అంటాను.

ఉడికిన గింజలో పిండి అప్పటికే నీరు తాగి ఉబ్బి ఉంటుంది, నూనెలో పట్టు దొరక్క విచ్చిపోతుంది. పచ్చి గింజలో ఆ ఉబ్బడం నూనెలోనే జరిగి ముద్దను బిగించి పడుతుంది. మసాలా వడకు మనం శనగపప్పు ఉడకబెట్టకుండా నానబెట్టే రుబ్బడం అందుకే. పావుకిలో శనగలు రాత్రంతా నానేసి, నీళ్ళు బాగా ఓడ్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, కొత్తిమీర, పార్స్‌లీ, ధనియాల పొడి, జీలకర్ర పొడి, ఉప్పుతో గరుకుగా రుబ్బాలి. నీళ్ళు చుక్క కూడా పోయొద్దు. తినేసోడా అర చెంచా, వేయించబోయే ముందు. బీరుట్‌లో ఉండలు చేసేందుకు కాలిబ్ అనే ఇత్తడి అచ్చు వాడతారు. మీట నొక్కితే అడుగు కిందికి దిగుతుంది. పిండి నింపి చాకుతో గోపురంలా నున్నగా చేసి, మీట వదిలితే స్ప్రింగు ఎగదన్ని బిళ్ళ నూనెలోకి జారుతుంది. మనకు రెండు చెంచాలు చాలు.

సాస్ పేరు తారతోర్. నువ్వుల ముద్దలో నిమ్మరసం పిండగానే అది పల్చబడకుండా గట్టిగా బిగుసుకుంటుంది. కంగారు పడి నూనె పోయకండి. చల్లటి నీళ్ళు చెంచా చెంచా పోస్తూ తిప్పితే తెల్లగా, జారుగా విచ్చుకుంటుంది. అందులో నూరిన వెల్లుల్లి, ఉప్పు. బీట్‌రూట్ ముక్కతో ఊరి గులాబీ రంగు తేలిన టర్నిప్ ఊరగాయ ఉంటే ఇంకా మంచిది. లేకపోతే ముల్లంగినే నిమ్మరసంలో, ఉప్పులో ఒక పూట ఊరేయండి.

వేడి ఫలాఫెల్‌ను పళ్ళెంలో పేర్చి, పక్కన సాస్ గిన్నె, ఫోర్కు పెట్టిచ్చే హోటళ్ళు మన ఊళ్ళలోనూ వచ్చాయి. ఉండ రుచికి లోటేమీ ఉండదు. బీరుట్ దానికి చేర్చిన పనితనం మాత్రం ఆ పళ్ళెంలో ఉండదు. రొట్టె పొరలు విడదీయండి, ఫలాఫెల్ నలపండి, బిగించి చుట్టండి, కింది సగానికి కాగితం చుట్టి అడుగు మెలిపెట్టండి. సాస్ కారకుండా చివరి ముక్క దాకా తినగలిగితే మీకు చేయడం వచ్చినట్టే.